గొలుసు అయిపోయేదాకా

నవంబరు 29, శనివారం

ఇది బేకరీలో ఆర్డర్లు రాసుకునే పుస్తకం. సగం పేజీలు ఖాళీగా మిగిలితే ఓనరమ్మ పారేయబోయింది, నేను లాక్కున్నాను. ఇంట్లో రాసుకునే భాగ్యం లేదు. చదివేవాళ్ళు ఇద్దరున్నారు, రేపట్నించి ముగ్గురు. అందుకని మధ్యాహ్నం అరగంట విరామంలో, కొట్టు వెనక గదిలో, పంచదార బస్తా మీద కూర్చుని రాస్తున్నాను.

రేపు మా అత్తయ్య వస్తోంది. క్రిస్మస్ దాకా నాలుగు వారాలు నాకు బేకరీలో రోజంతా పని. కేకుల మీద క్రీముతో పేర్లూ శుభాకాంక్షలూ రాసేది నేనే. పిల్లలేమో మధ్యాహ్నానికే ఇంటికొచ్చేస్తారు. ఆయన బస్సు నడుపుతాడు, బస్సుని మధ్యలో ఆపేసి పిల్లలకి పాలు కాచడం కుదరదు కదా. "మా అమ్మని పిలుద్దాం" అన్నాడు. సరే అన్నాను. నాలుగు వారాలే కదా, కళ్ళు మూసుకుంటే గడిచిపోతాయి.

డిసెంబరు 1, సోమవారం

కళ్ళు మూసుకోవడానికి లేదు. మూసుకుని తెరిచేసరికి ఇల్లు మారిపోతోంది.

అత్తయ్య ముప్ఫై నాలుగేళ్ళు పోస్టాఫీసులో ఉత్తరాలు విడదీసింది. రిటైరైంది గానీ చేతులకి ఆ సంగతి ఇంకా తెలిసినట్టు లేదు. నిన్న వచ్చి టీ తాగిన గంటకల్లా బూట్ల అట్టపెట్టెలు నాలుగు వెతికి, తలుపు పక్కన అలమర మీద వరసగా నిలబెట్టి, ఒక్కోదాని మీదా పెద్దపెద్ద అక్షరాలతో చీటీ అతికించింది. నాన్న. అమ్మ. అక్క. తమ్ముడు. ఎవరి తాళాలూ టోపీలూ మేజోళ్ళూ వాళ్ళ గూట్లోనే ఉండాలిట. నా తాళాలు ఏడేళ్ళుగా బ్రెడ్డు డబ్బా మీద ఉంటున్నాయి, హాయిగా ఉంటున్నాయి.

సాయంత్రం పిల్లల్ని కూర్చోబెట్టి రంగుకాగితాలతో గొలుసు చేయించింది. సరిగ్గా ఇరవై అయిదు రింగులు. కిటికీకి కట్టారు. రోజూ పొద్దున్న ఒకటి తెంపాలి, ఆఖరిది తెంపిన రోజు క్రిస్మస్.

"మరి నువ్వెప్పుడు వెళ్ళిపోతావ్ నానమ్మా?" అన్నాడు మా బుడంకాయ. నాలుగేళ్ళవాడికి ఏది ఎప్పుడడగాలో తెలీదు.

"గొలుసు అయిపోయేదాకా ఎక్కడికీ వెళ్ళను" అంది.

ఇరవై అయిదు, అనుకున్నాను నేను మనసులో. ఎవరికీ వినపళ్ళేదు లెండి.

డిసెంబరు 3, బుధవారం

ఇవాళ పొద్దున్న టీలో ఉప్పేశాను. డబ్బాలన్నీ ఆవిడ అక్షరక్రమంలో సర్దింది. ప్రతిదాని మీదా చీటీ ఉంది, నిజమే. నిద్రమొహంతో చీటీలు ఎవరు చదువుతారు?

ఒంటికాలి మీద లేచాను. ఒక మాట అన్నాను. ఆ మాట ఇక్కడ రాయను. ఆవిడ టీ గిన్నె కడిగి మళ్ళీ పెట్టింది.

నాది తప్పేం కాదు. ఉప్పు టీ తాగినవాళ్ళెవరైనా అంటారు.

డిసెంబరు 4

తప్పేం కాదు.

డిసెంబరు 6, శనివారం

ఒకటి గమనించాను. ఆవిడ పెట్టె ఇంకా విప్పలేదు. దువ్వెన కావాలన్నా పెట్టె తెరిచి తీసుకుంటుంది, దువ్వుకుని మళ్ళీ పెట్టెలోనే పెడుతుంది. మూతకి లోపల పిన్నుతో గుచ్చి తిరుగు ప్రయాణం రైలు టికెట్ ఉంది, 26 పొద్దున్నకి. అంటే ఒక కాలు రైల్లోనే పెట్టుకుని కూర్చుంది. ఇక్కడ మనమేదో కట్టేసినట్టు.

ఆయనతో అంటే, "ఆవిడ అంతేలే" అన్నాడు. నేను ఏమైనా అంటే ఆవిడతో కూడా "అది అంతేలే" అంటాడని నాకు తెలుసు. ఈ గోడమీది పిల్లికి బస్సు లైసెన్సు ఎవరిచ్చారో.

డిసెంబరు 9, మంగళవారం

నా పరువు పోయింది. రాస్తుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి.

నిన్న ఒక పెళ్ళిరోజు కేకు. రెండంతస్తులు. పొద్దుట్నించీ ముప్ఫై కేకులు రాసి ఉన్నాను, చెయ్యి దానంతటదే నడుస్తోంది. అంచు చుట్టూ పూలు తిప్పాను, మధ్యలో నా దస్తూరిలో వంపులు తిప్పుతూ రాశాను. డబ్బాలో పెట్టి ఇచ్చాను. ఆ పెద్దమనిషి మూత తీసి చూసి, "అమ్మా, మా ఆవిడకి కాస్త కోపమెక్కువేగానీ ఇది మీకెవరు చెప్పారు?" అన్నాడు.

కేకు మీద "ఉప్పు" అని ఉంది.

ఇంట్లో రోజంతా ఆ చీటీలే కళ్ళబడుతుంటే ఇంకేం వస్తుంది చేతికి! ఓనరమ్మ నవ్వి నవ్వి కౌంటర్ పట్టుకుని వంగిపోయింది. ఆ పెద్దమనిషి మాత్రం చెరపనివ్వలేదు. అలాగే పట్టుకెళ్ళాడు.

ఇంట్లో చెబితే అత్తయ్య నవ్వింది. వచ్చాక మొదటిసారి. నవ్వితే అచ్చం మా బుడంకాయే. తర్వాత నన్ను చూసి ఏదో గుర్తొచ్చినట్టు ఆపేసింది.

డిసెంబరు 11, గురువారం

ఓనరమ్మ లోపలికి పిలిచింది. ఎందుకో అనుకుంటూ వెళ్ళాను. ఉప్పు గురించి కాదు. జనవరి నుంచి అలంకరణ బల్ల మొత్తం నాకప్పగిస్తానంది. ఇద్దరమ్మాయిలు నా కింద పనిచేస్తారు. కాకపోతే ఇలా నాలుగు వారాలు కాదు, ఏడాది పొడుగునా రోజంతా పని. ఇరవై నాలుగో తారీకుకల్లా చెప్పమంది.

పదేళ్ళుగా ఈ మాట కోసమే క్రీము సంచి పిండుతున్నాను. ఎగిరి గంతెయ్యాలి కదా. వేశాను కూడా, ఈ గదిలో, ఒక్కదాన్నే. తర్వాత పంచదార బస్తా మీద కూలబడ్డాను. మధ్యాహ్నం పిల్లల్ని ఎవరు చూస్తారు? డబ్బిచ్చి మనిషిని పెట్టుకుందామంటే వచ్చేదంతా అక్కడికే పోతుంది.

ఆవిడని అడగొచ్చు. అడగను. అంత మాటన్నాక ఏ మొహం పెట్టుకుని అడుగుతాను?

అన్నట్టు, గొలుసులో ఇవాళ్టికి పద్నాలుగు ఉండాలి. పదహారున్నాయి. లెక్క ఎక్కడో తప్పాను. క్రీములో తేలి తేలి బుర్ర కూడా మెత్తబడింది.

డిసెంబరు 13, శనివారం

బుడంకాయకి జ్వరం. నిన్న పగలంతా బేకరీలో ఉన్నాను గానీ ప్రాణం ఇంట్లోనే ఉంది. సాయంత్రం పరుగెత్తుకుంటూ వెళితే వాడు నానమ్మ ఒళ్ళో పడుకుని ఉత్తరాలాట ఆడుతున్నాడు. పాత కవర్ల మీద ఆవిడ ఏవేవో పేర్లు చెబుతుంటే వాడు దుప్పటి మడతల్లో ఏ ఊరివి ఆ ఊర్లో పెడుతున్నాడు. మోకాలు ఒక ఊరు, పొట్ట ఒక ఊరు. మందు ఎప్పుడెప్పుడు వేసిందీ, జ్వరం ఎంతున్నదీ గంటగంటకీ కాగితం మీద రాసిపెట్టింది. ఆ కాగితం చదువుతుంటే నాకు ఏడుపొచ్చింది. ఉల్లిపాయలు తరగాలి అని వంటింట్లోకి వెళ్ళాను.

ఇవాళ జ్వరం లేదు.

డిసెంబరు 14, ఆదివారం

(ఇంట్లోనే, స్నానాలగదిలో గడియ పెట్టుకుని. పెద్దది బయట తలుపు కొడుతోంది.)

దొంగ దొరికాడు. పొద్దున్నే కిటికీ దగ్గర కుర్చీ ఎక్కి, చేతినిండా మైదాపిండి జిగురు పూసుకుని, గొలుసు చివర కొత్త రింగు అతికిస్తున్నాడు. ఎన్నోదిరా అంటే మూడు వేళ్ళు చూపించాడు. వేళ్ళు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి.

"ఎందుకురా నాన్నా?"

"గొలుసు పొడుగైతే నానమ్మ వెళ్ళదు కదా."

"గొలుసు పొడుగైతే క్రిస్మస్ కూడా ఆలస్యమవుతుంది మరి. నీ ఫైరింజనూ ఆలస్యంగానే వస్తుంది."

ఎర్ర ఫైరింజన్ కోసం వాడు ఎండాకాలం నుంచీ నా ప్రాణాలు తోడుతున్నాడు. వాడు ఆలోచించాడు. చాలాసేపు. ముక్కు తుడుచుకున్నాడు, ముక్కుకీ జిగురంటింది.

"రానీలే అమ్మా. తర్వాతే వస్తుందిలే."

నాలుగేళ్ళవాడు. నేను వాడికి అమ్మని. నాకేమో పదకొండు రోజుల కిందట చేసిన పనికి ఒక్క మాట చెప్పడానికి నోరు రాదు.

ఎవరికీ చెప్పనని వాడికి మాటిచ్చాను.

డిసెంబరు 16, మంగళవారం

ఇవాళ పొద్దున్న రింగు తెంపాక తొమ్మిది మిగలాలి. వాడి మూడూ కలిపితే పన్నెండు. పద్నాలుగున్నాయి.

ఈసారి కుర్చీ ఎక్కి ఒక్కోటీ పట్టుకుని చూశాను. వాడివి మూడూ తెలిసిపోతున్నాయి, వంకరటింకరగా, పిండి కారుతూ. ఇంకో రెండున్నాయి. గోధుమరంగు కవరు కాగితం. అంచులు వెంట్రుకవాసి తేడా లేకుండా కలిశాయి. అతుకు మీద బొటనవేలి గోటితో గట్టిగా గీసిన గీత. కవర్లు అంటించి అంటించి అలవాటైన చేతికి తప్ప ఆ గీత ఇంకెవరికీ రాదు.

కుర్చీ మీద అలాగే నిలబడిపోయాను. ఆవిడ వంటింట్లో పిల్లల డబ్బాలు సర్దుతోంది. బస్సు తప్పిపోయింది. మా ఆయన బస్సే.

డిసెంబరు 17, బుధవారం

రాసేస్తాను. మూడో తారీకున నేనన్న మాట ఇది: "మీరొచ్చింది ఇల్లు చూసుకోవడానికి, ఏలుకోవడానికి కాదు. నాలుగు వారాలైతే మీ దారి మీది, మా దారి మాది. అప్పటిదాకా ఓర్చుకుంటాలెండి."

ఇదీ మాట. తప్పు నాదే.

పెట్టె విప్పలేదని మళ్ళీ దెప్పుతున్నాను పైగా.

డిసెంబరు 19

కేకులు. కేకులు. కేకులు. నూట పన్నెండు.

డిసెంబరు 21, ఆదివారం

ఇవాళ బేకరీ మధ్యాహ్నం దాకానే. ఇంటికి వెళ్ళేసరికి అందరూ పార్కుకి వెళ్ళారు. గొలుసు లెక్కపెట్టాను. నాలుగుండాలి, వాళ్ళిద్దరి అయిదూ కలిపి తొమ్మిది అని తెలుసు. పదున్నాయి. పదోది బస్సు టికెట్ల చుట్ట కాగితం. మహానుభావుడు! అమ్మ ఉంటే బాగుండునని నాతో ఒక్క ముక్క అనలేక, పిల్లి అడుగులేసుకుంటూ వెళ్ళి అతికించొచ్చాడు.

కేకు డబ్బాలకి చుట్టే బంగారురంగు కాగితం నా సంచిలో ఉంది. ఒక ముక్క కత్తిరించాను.

మొత్తం పదకొండు.

డిసెంబరు 23, మంగళవారం

నిన్న సాయంత్రం అడుగుదామని వెళ్ళాను. ఆవిడ పెద్దదాని పాటల కార్యక్రమం కోసం తెల్లగౌను అంచు కుడుతోంది. ఎదురుగా కూర్చున్నాను. బస్సులోనే మాటలన్నీ కూడదీసుకున్నాను.

"అత్తయ్యా."

"ఊఁ."

"అదే... ఉప్పు డబ్బా."

"ఏమైంది దానికి?"

"బానే ఉంది అక్కడ. అలవాటైంది."

"సరే" అంది. సూదిలో దారం ఎక్కించమని నా చేతికిచ్చింది. ఎక్కించి ఇచ్చాను. లేచొచ్చేశాను. నా మొహం!

డిసెంబరు 24, బుధవారం

ఓనరమ్మ అడిగింది. "చేస్తాను" అన్నాను. నా నోరే అనేసింది. ఇంట్లో ఎవర్నీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. ఎల్లుండి పొద్దున్న ఆవిడ రైలెక్కుతుంది. జనవరి రెండున నేను పొద్దుట్నించి సాయంత్రం దాకా బల్ల దగ్గరుండాలి. మధ్యాహ్నం పిల్లలు తాళమేసిన తలుపు ముందు నిలబడాలి.

ఏం చేశానే తల్లీ.

డిసెంబరు 25, గురువారం

పిల్లలు మధ్యాహ్నం నిద్రలో ఉన్నారు. ఆయన కూడా, కాగితం టోపీతో సహా. వంటింటి బల్ల మీద, అందరికీ కనబడేలాగే రాస్తున్నాను. చదివితే చదవనీ.

పొద్దున్నే బుడంకాయ లేచి క్రిస్మస్ చెట్టు దగ్గరికి పరుగెత్తలేదు. గొలుసు దగ్గరికెళ్ళాడు. ఒకటి తెంపాడు. మిగతావి చూశాడు.

"ఇవాళ క్రిస్మస్ కాదు" అన్నాడు.

మేమంతా నవ్వాం. వాడు నవ్వలేదు. చెట్టు కింద ఇంత పెద్ద డబ్బా, వాడి పేరుతో, ఒక మూల చిరిగి ఎర్రగా కనబడుతోంది. దానికి వీపు పెట్టి కూర్చున్నాడు. క్యాలెండర్ చూపించాను. వాళ్ళ నాన్న రేడియో పెట్టాడు. పక్కింటివాళ్ళ పాటలు వినిపించాం. చిలక్కి చెప్పినట్టు చెప్పాం. ఉహూఁ.

"ఇంకా ఉన్నాయి కదా! అన్నీ అయితేనే క్రిస్మస్. నేను విప్పను." కళ్ళనిండా నీళ్ళు. డబ్బా వైపు చూడకుండా ఉండటానికి మెడ ఎంత తిప్పాలో అంతా తిప్పేశాడు.

"ఎక్కువ ఎలా వచ్చాయబ్బా?" అన్నాడు ఆయన, ఏమీ ఎరగనట్టు.

అప్పుడు మా పెద్దది లేచింది. ఏడేళ్ళకే దానికి జడ్జిగారని పేరు ఊరికే పెట్టలేదు మేం. లోపలికెళ్ళి తన స్కూలు నోటుపుస్తకం తెచ్చి, గొంతు సవరించుకుని చదివింది.

"తమ్ముడు మూడు. నానమ్మ రెండు. నాన్న ఒకటి. అమ్మ ఒకటి. మొత్తం ఏడు. నేను రోజూ లెక్కపెట్టా."



"అబద్ధం" అన్నాడు ఆయన.

"మీది టికెట్ కాగితం నాన్నా. అమ్మది కేకు డబ్బాది. నానమ్మవి కవర్లు."

ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. ఆయన చెప్పులు చూసుకుంటున్నాడు. అత్తయ్య కళ్ళజోడు తీసి తుడుస్తోంది, తుడుస్తూనే ఉంది. తర్వాత మెల్లిగా తలెత్తి నా వైపు చూసింది. "నువ్వు కూడానా?" అంది. అంతే. నేను తలూపాను.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, పోస్టాఫీసు గొంతుతో అంది: "వచ్చిన రోజు నేనేమన్నాను? గొలుసు అయిపోయేదాకా ఎక్కడికీ వెళ్ళనన్నాను. ఇంకా ఏడున్నాయి. మాటంటే మాటే."

జడ్జిగారు తీర్పు చెప్పింది. "క్రిస్మస్ ఇవాళే. గొలుసు నానమ్మది."

బుడంకాయ అందరి వైపూ మార్చిమార్చి చూశాడు. "అంటే నానమ్మ ఉంటుంది, ఫైరింజన్ కూడా ఇవాళేనా?"

"రెండూనూ" అన్నాను.

వాడు డబ్బా చింపిన చప్పుడుకి పక్కింటివాళ్ళ పాట ఆగింది.

గిన్నెలు కడుగుతున్నప్పుడు చెప్పాను. ఆవిడ తుడుస్తోంది, నేను కడుగుతున్నాను. ఇద్దరం గిన్నెల వైపే చూస్తున్నాం కాబట్టి నోరు పెగిలింది.

"ఏడు రోజులు చాలవు అత్తయ్యా. ఆ రోజు నేనన్న మాట తప్పు. చాలా తప్పు. అన్న క్షణం నుంచీ తెలుసు. మీరుంటే పిల్లలకి బాగుంది, నాకూ బాగుంది. మీరిక్కడే ఉండిపోవాలని నాకుంది."

ఆవిడ పళ్ళెం తుడవడం ఆపలేదు. ఆరిపోయిన పళ్ళేన్నే తుడుస్తోంది.

"నాలుగు వారాలు కావస్తోంది అమ్మాయ్ నేనొచ్చి. నా దువ్వెన ఎక్కడ పెట్టుకోవాలో నువ్వు చెప్పలేదు, నేనడగలేదు. ముప్ఫై నాలుగేళ్ళు ఎవరి ఉత్తరం వాళ్ళ గూట్లో వేశాను. నాకు ఈ ఇంట్లో గూడు ఉందో లేదో తెలీక పెట్టెలోనే పెట్టుకున్నాను."

నేను సబ్బు చేతులతోనే ఏడ్చాను. ఉల్లిపాయల వంక పెట్టలేదు. ఆవిడ తుడిచేగుడ్డ నాకిచ్చింది.

కాస్త తేరుకున్నాక ఉద్యోగం సంగతి చెప్పాను. నిన్నే ఒప్పుకున్నానని కూడా.

"నన్నడక్కుండానే నన్ను పనిలో పెట్టేశావన్నమాట."

"అవును."

"మరి నాకు సెలవులేవి? ఆదివారం నేనేమీ ముట్టను. నెలకోసారి నాలుగు రోజులు మా ఊరెళ్ళి పేకాడుకుని వస్తాను, మా స్నేహితురాలు నేను లేకపోతే దొంగాట నేర్చుకుంటుంది."

"సరే."

"డబ్బాల జోలికి రాకూడదు."

"నా తాళాలు మాత్రం బ్రెడ్డు డబ్బా మీదే ఉంటాయి."

ఆవిడ ఆలోచించింది. బుడంకాయ ఫైరింజన్ గురించి ఆలోచించినంతసేపు.

"సరే, ఉండనీ" అంది.

డిసెంబరు 26, శుక్రవారం

పొద్దున్న రైలు వెళ్ళిపోయింది, మా ఇంట్లోంచి ఎవరూ లేకుండా.

నాకొచ్చిన కొత్త బూట్ల అట్టపెట్టె తీసుకుని, తలుపు పక్కన ఆ నాలుగింటి సరసన అయిదోది నిలబెట్టాను. చీటీ రాయడానికి పెన్ను పట్టుకుంటే చెయ్యి రాలేదు. నాకు చేతనైన రాత ఒకటే. క్రీము సంచిలో చాక్లెట్ నింపి, అట్ట మీద నా దస్తూరిలో, ఎన్ని వంపులు తిప్పగలనో అన్నీ తిప్పుతూ "నానమ్మ" అని రాశాను.

అత్తయ్య కళ్ళజోడు సర్దుకుని చూసింది. "కవరు మీద ఇలా రాస్తే ఉత్తరం చేరదు" అంది. మళ్ళీ చూసింది. "బావుంది" అంది.

నేను బేకరీకి వచ్చేశాను. ఇది రాస్తుండగా ఇంటి నుంచి ఫోనొచ్చింది, జడ్జిగారు. తమ్ముడు నానమ్మ పేరులో ఆఖరి అక్షరం నాకేశాడుట, కేసు పెట్టాలిట. సాయంత్రం వచ్చి మళ్ళీ రాస్తానన్నాను.

"ఈసారి పెన్నుతో రాయమ్మా" అంది. తర్వాత, అడక్కుండానే, "నానమ్మ దువ్వెన అందులో పెట్టుకుంది" అంది.